చెక్కల పిన్ని కొట్టిన దెబ్బ

ఇరవై ఆరేళ్ళలో చెక్కల పిన్ని కొన్ని వేల చెంపలు వాయించింది. వాటిలో ఒక్కటి కూడా కందలేదు. అదీ ఆవిడ పనితనం.

పాటల నాటకాల కంపెనీలో దెబ్బల చప్పుడు చేయడం ఆవిడ ఉద్యోగం. వేదిక మీద నటుడు చెయ్యి విసురుతాడు. అది ఎదుటివాళ్ళ ముఖానికి జానెడు దూరంలో ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే పక్క తెర చాటున ముక్కాలిపీట మీద కూర్చున్న పిన్ని, ఒక చివర తోలుముక్కతో కలిపి కట్టిన రెండు చెక్కల్ని ఫట్‌మని కొడుతుంది. తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య. "చెయ్యి ముందమ్మా, చప్పుడు వెనక. రెప్పపాటు తేడా, అంతే" అనేవాడాయన. చెంపదెబ్బకో రకం, వీపు మీద గుద్దుకో రకం, తలుపుకేసి తోస్తే ఇంకో రకం. ఆవిడకు కాస్త గర్వం ఉందంటే ఉండదా మరి?

కంపెనీకి పేరు తెచ్చిన హాస్య నాటకం ఒకటుంది. పదకొండేళ్ళుగా ఆడుతూనే ఉన్నారు. అందులో రెండో అంకంలో మొగుడు భోజనానికి కూర్చుంటాడు, కూరలో ఉప్పు లేదని ఒక పాట అందుకుంటాడు, పాట చివర పెళ్ళాం చెంప పగలగొడతాడు. పిన్ని చెక్కలు ఫట్‌మంటాయి. వెంటనే డ్రమ్ములు దొర్లిపడినట్టు మోగుతాయి. పెళ్ళాం గిర్రున తిరిగి కుర్చీలో కూలబడి "ఉప్పు తెస్తానండీ, ఒక్క క్షణమండీ" అని రాగాలు తీస్తుంది. ఇక జనం చూడాలి! విరగబడి నవ్వేవారు. ఆ నవ్వు తనదేనని పిన్ని నమ్మకం. తెరలోని చిన్న చీలికలోంచి హాలంతా చూసుకుని మురిసిపోయేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటకు పిన్ని అక్కా బావా వచ్చారు. మూడో వరసలో కూర్చున్నారు. దెబ్బ పడింది, హాలు ఘొల్లుమంది. బావ మోచేత్తో అక్కను పొడిచి మరీ నవ్వుతున్నాడు. అక్క కూడా నవ్వుతోంది. నవ్వుతూనే ఎడమ చెంప మీద చెయ్యి వేసుకుంది.

చీలికలోంచి పిన్ని అది చూసింది. అక్క చెంప మీద మచ్చలు ఆవిడ చూడనివి కావు. తలుపు తగిలిందని అక్క చెప్పేది, ఇంటిల్లిపాదీ తలలూపేవారు. పిన్నీ ఊపింది. తలుపు తగిలిన చెంపకూ చెయ్యి తగిలిన చెంపకూ తేడా తెలియని మనిషా ఆవిడ? అడిగితే ఏం వినాల్సొస్తుందోనని అడగలేదు, అంతే.

మర్నాడు పొద్దున బావ పనికి వెళ్ళాక పిన్ని వెళ్ళి అక్క వంటింట్లో కూర్చుంది.

"ఎన్నాళ్ళ నుంచక్కా?"

అక్క గిన్నె తోముతూ వెనక్కి తిరగలేదు. "వదిలెయ్యవే. నిన్న అంతమంది నవ్వారు కదా. అందరికీ అది నవ్వులాటే. నేనొక్కదాన్నే ఏడిస్తే ఏం బావుంటుందని నేనూ నవ్వేశా."

"అక్కా..."

"నిన్నేమీ అనట్లేదులే. చప్పుడు మాత్రం బాగా చేస్తావు. అచ్చం అలాగే ఉంటుంది."

జీవితంలో తన పనికి అంతకు మించిన మెప్పు పిన్నికి దొరకలేదు. అంతగా కడుపు కాల్చిన మాటా వినలేదు. ఏం చేసైనా సరే, అక్కను నవ్వించిన ఆ నవ్వు అణిగిపోవాలని పట్టు పట్టింది. అది అణిగితేగానీ అక్క నోరు విప్పదని ఆవిడకు అర్థమైంది.

కంపెనీ పెద్ద మేస్టారు. ఆయన్ని ఆ ఘట్టం తీసేయమని అడిగింది. "ఇంకా నయం! అది తీసేస్తే రెండో అంకంలో ఏముంది, నా బట్టతల తప్ప?" అన్నాడు. మంచివాడే, కానీ నవ్వుల కోసం ప్రాణం పెట్టే మనిషి. సరేనని పిన్ని చెక్కల్ని మెల్లగా తాకించి చూసింది. డ్రమ్ములు మోగాయి, జనం నవ్వారు. ఇంకోసారి అసలు కొట్టడమే మానేసింది. చప్పుడు లేకుండా గాల్లో తిరిగిన ఆ చేతిని చూసి జనం ఇంకా పడీపడీ నవ్వారు. మేస్టారు చెడామడా తిట్టాడు. పిన్నికి ఏం తోచలేదు.

తోచనిది తప్పువల్ల దొరికింది. ఆ వారం ఒక ఆటలో, మనసంతా అక్క మీదే ఉండగా, చెమట చేతిలోంచి చెక్క జారి ఫట్‌మని మోగింది. అప్పటికి వేదిక మీద మొగుడు చెయ్యి ఎత్తనే లేదు. చెంచా కింద పెట్టాడంతే. కానీ పెళ్ళాం వేషం వేసిన పాటలమ్మాయి ఒళ్ళు పదకొండేళ్ళ అలవాటు కొద్దీ ఉలిక్కిపడింది. తల పక్కకు తిరిగింది, చెయ్యి చెంపకు అడ్డం వచ్చింది. డ్రమ్ములవాడు ఏం చేయాలో తెలియక బిగుసుకుపోయాడు. మొగుడి వేషగాడు తన చేతిని తానే వింతగా చూసుకున్నాడు.

హాల్లో ఒక్కరు కూడా నవ్వలేదు. పాటలమ్మాయి మెల్లగా చెయ్యి దించి "ఉప్పు తెస్తానండీ, ఒక్క క్షణమండీ" అని సన్నగా పాడింది. ఎవరో ఆడమనిషి ముక్కు చీదిన శబ్దం వెనక వరస నుంచి స్పష్టంగా వినిపించింది.

తెర పడగానే మేస్టారు చిందులు తొక్కుతూ వచ్చాడు. "ఇరవై ఆరేళ్ళ అనుభవం ఏ గంగలో కలిసింది పిన్నీ?"

"అలాగే ఉంచుదాం మేస్టారూ," అంది పిన్ని. "ఆయన అసలు చెయ్యి ఎత్తొద్దు. చెంచా పెట్టినా, కుర్చీ జరిపినా, చెప్పులు విడిచినా నేను కొడతాను. ఆ పిల్ల ఉలిక్కిపడుతుంది. కొట్టే మొగుడున్న ఇంట్లో జరిగేది అదే."

"జనం లేచిపోతారు!"

"నాకు ఇవాళ నిజంగానే భయమేసింది మేస్టారూ," అంది పాటలమ్మాయి. "ఇన్నేళ్ళలో ఎప్పుడూ వెయ్యలేదు. చివర నాకో పాట రాయండి, నేను పాడతాను."

మేస్టారు తల గోక్కున్నాడు. "ఒక్క ఆట. జనం లేచిపోయారో, పాత పద్ధతి. కాదంటే ఆ పీట మీద ఇంకొకరు కూర్చుంటారు."

పిన్ని ఒప్పుకుంది. వచ్చే ఆదివారం ఆటకు అక్కనూ బావనూ తనే వెళ్ళి పిలిచి వచ్చింది.

ఆదివారం హాలు నిండింది. మొగుడు చెంచా పెట్టాడు, ఫట్. పెళ్ళాం ఉలిక్కిపడింది. పాత నాటకం తెలిసినవాళ్ళు అలవాటుగా నవ్వారు. కుర్చీ జరిపాడు, ఫట్. నవ్వు సగానికి తగ్గింది. బయటికెళ్ళి వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచాడు, ఫట్. ఈసారి నవ్వింది ఒక్క బావే. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి ఆయన్ని చూశారు. బావ దగ్గుతున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడు పాటలమ్మాయి కొత్త పాట ఎత్తుకుంది. పిన్ని కొట్టింది. ఆ పిల్ల భుజం అదిరింది గానీ పాట ఆగలేదు. మళ్ళీ కొట్టింది. ఈసారి భుజం కూడా అదరలేదు. గొంతు పైకి లేచింది. పిన్ని ఇక ఊరుకోలేదు, పుట్టి బుద్ధెరిగాక కొట్టనంత గట్టిగా కొట్టింది. కొట్టిన కొద్దీ పాట ఇంకా పైకి పోయింది. చివరికి ఆ పాట ముందు చెక్కల చప్పుడు వినపడకుండా పోయింది. తన చప్పుడు ఓడిపోతుంటే పిన్నికి ఏడుపూ ఆనందమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు ఆగితే ఒట్టు. తెర పక్కన మేస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "రేపూ ఇదే, ఎల్లుండీ ఇదే" అని గొణుక్కుంటున్నాడు.

పిన్ని వినలేదు. అప్పటికే బయటి వసారాలోకి పరుగెత్తింది. అక్క గోడ పక్కన నిలబడి ఉంది. బావ ముఖం కందగడ్డలా ఉంది.

"ఏం చూస్తున్నావు? పద ఇంటికి."

"మీరు వెళ్ళండి. నేను రాను," అంది అక్క.

బావ చెయ్యి లేచింది. బయటికి వస్తున్న జనం అక్కడికక్కడ ఆగిపోయారు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ముఖం తిప్పుకోలేదు. మేస్టారు వచ్చి అక్క పక్కన నిలబడ్డాడు, పాటలమ్మాయి రంగు కూడా కడుక్కోకుండా వచ్చి ఇంకో పక్కన నిలబడింది. అక్క మాత్రం తల పక్కకు తిప్పలేదు, చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. లేచిన ఆ చేతినే సూటిగా చూసింది. అది కాసేపు గాల్లో ఉండి, ఏం చేయాలో తెలియక వెళ్ళి మెడ గోక్కుంది. బావ జనాన్ని తోసుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పిన్ని అక్కను గట్టిగా పట్టుకుంది. అక్క కళ్ళు మెరుస్తున్నాయి.

"మీ ఇంట్లో నాకు మంచం ఉందటే?"

"మంచమేంటక్కా, గదే ఉంది."

"అయితే రేపటి ఆటకూ వస్తా," అంది అక్క. "మూడో వరస వద్దు. ముందు వరసలో కుర్చీ వెయ్యి."