మూసిపెట్టిన చోటు

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేసినప్పుడు ఇంట్లోవాళ్లు ఏడ్చారు గానీ, మా సైన్సు అయ్యవారు మాత్రం మిఠాయి పంచారని వినికిడి. అలాంటి నా పక్కన, యలహంక బస్సులో, ఒక సైంటిస్టు వచ్చి కూర్చున్నాడు.

"ఏం పని చేస్తా ఉండారు సార్?" అన్నాను.

"ప్రతి కణానికీ ఒక జోడీ కణం ఉంటుందని ఒక ఊహ అండీ. సూపర్‌సిమెట్రీ అంటారు. విదేశంలో పెద్ద యంత్రంలో ప్రోటాన్లను ఒకదానితో ఒకటి గుద్దించి, ఆ జోడీల కోసం వెతుకుతున్నాం. నా తల నెరిసింది ఇందులోనే."

"కనబడినాయా?"

"యంత్రం ఇచ్చిన లెక్కల్లో అవి కనబడే చోటును, చూడకుండా మేమే మూసిపెట్టుకున్నాం. ముందే చూస్తే, ఆశకొద్దీ లేనిది కూడా ఉన్నట్టు తోస్తుంది. పద్ధతంతా ఖాయం చేసుకున్నాక, ఈ రోజే ఆ చోటు తెరుస్తున్నారు."

కళ్లు మూసుకుని వెతికేవాణ్ణి నేను చిక్కపేట బజారు మోసగాళ్లలో కూడా చూడలేదు. ఇక ఏదో డబ్బు కట్టే స్కీములో చేరమంటాడని, సంచీని ఒళ్లోకి లాక్కున్నాను.

హెబ్బాళ దగ్గర అతని ఫోన్ మోగింది. అటువైపు మాట విన్నాడు. కళ్లద్దాలు తీసి తుడిచాడు, తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

"ఏమాయె సార్?"

"అక్కడ ఏమీ లేదండీ. లేదనే రాస్తాం."

ఇంటికెళ్లి మా ఆవిడతో అన్నాను: "బస్సులో ఒక మోసగాడు తగిలినాడు. ఏండ్ల తరబడి వెతికినాడంట, ఏమీ దొరకలేదంట. ఆ ఏడుపు గూడా నాటకమే."

"నీ అనుమానం పాడుగాను!" అంది ఆమె. "మోసగాడైతే దొరికిందనే చెప్తాడు గదా, దొరకలేదని ఏడుస్తాడా?"