అమ్మ నల్ల పరదా

మొన్న మా అమ్మాయి కొత్త కర్టెన్ల పొట్లం విప్పగానే వచ్చిన గంజి వాసనకి, జంషెడ్‌పూర్‌లో మా ఒంటిగది ఇల్లు గుర్తొచ్చింది.

నాన్న కార్ఖానాలో రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేవాడు. జుగ్సలాయి బజారులో బట్టల కొట్లో నేను గులాబీ పువ్వుల గుడ్డ పట్టుకుని వదల్లేదు. అమ్మ దాన్ని తడిమి చూసి, పక్కన పెట్టి, దళసరి నల్లగుడ్డ కొంది.

కిటికీకి ఒకపక్క తలుపు, ఇంకోపక్క బీరువా. పక్కన మేకు కొట్టడానికి బెత్తెడు గోడ లేదు. కిటికీ పైన కొట్టిన ప్రతి మేకూ సున్నంతో సహా ఊడొచ్చింది.

“ఎండైతే ఏటి, నాకు నిద్దర పట్టేత్తది. ఒగ్గీ,” అన్నాడు నాన్న.

“ఒగ్గను. ఈ గోడకీ ఆ గోడకీ అడ్డంగా వెదురు బిగించేత్తాను. మీరు పడుకోండి.”

మూడోసారికి వెదురు బిగిసింది. పరదా కిటికీతోపాటు తలుపునీ కప్పేసింది. ఆ రోజు నుంచి అమ్మ బియ్యం ఏరడం, బట్టలు కుట్టడం అన్నీ గుమ్మం బయటే. నేను నాన్న మాటే నమ్మాను. పువ్వులు గిట్టక, చీకటంటే ఇష్టమై అమ్మే ఆ పరదా కట్టిందనుకున్నాను.

నాన్న రిటైరైన మర్నాడు అమ్మ స్టూలెక్కి ఆ వెదురు దింపేసింది. బియ్యం చేట లోపలికి తెచ్చుకుని, కిటికీ కింద ఎండలో కూర్చుంది.