రష్యా నర్సయ్య సార్ పతకం

మైకు కీచుమంటే అందరూ చెవులు మూసుకుంటారు. నేను మాత్రం చేస్తున్న పని ఆపేసి మైకు వైపు చూస్తాను. మొన్న కోదాడలో మా పిన్ని మనవడి పుట్టినరోజుకు వెళ్ళాను. ఫంక్షన్ హాల్లో మైకు సరిచేసే అతను "హలో, హలో" అంటూ దాని మీద వేలితో కొడుతున్నాడు. అది ఒక్కసారిగా కీచుమంది. చేతిలోని బిర్యానీ ప్లేటు పక్కన పెట్టేసి అలాగే నిలబడిపోయాను. పిన్ని వచ్చి "ఏమైందే, ఉప్పెక్కువైందా?" అని అడిగింది. ఉప్పు సరిగ్గానే ఉంది. నాకు నర్సయ్య సార్ గుర్తుకొచ్చారు, అంతే.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు కాబట్టి ముందు ఆయనెవరో చెప్పాలి. కోదాడలో అందరూ ఆయన్ని రష్యా నర్సయ్య అనేవారు. సొంతూరు సూర్యాపేట పక్కన చిన్న పల్లె. వయసులో ఉన్నప్పుడు పని వెతుక్కుంటూ పోయి, రష్యావాళ్ళ సాయంతో కడుతున్న ఒక కర్మాగారంలో హెల్పర్‌గా చేరారు. అక్కడి ఇంజనీర్ల మాటలు వింటూ వింటూ భాష పట్టేశారు. చివరికి వాళ్ళకూ మనవాళ్ళకూ మధ్య నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు అందించే దుబాసీ అయ్యారు. ఉద్యోగమంతా అదే పని. రిటైరయ్యాక కోదాడలో ఇల్లు కట్టుకుని, రష్యాలో డాక్టరు చదువుకు వెళ్ళబోయే పిల్లలకు వరండాలో ఆ భాష నేర్పేవారు. మా చిన్నాన్న కొడుకు మహేశ్‌ను అక్కడ చేర్పించి, వాడు క్లాసు ఎగ్గొట్టకుండా చూడమని నన్ను కాపలా పంపారు. నేను డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. నెల తిరక్కుండానే వాడు మానేశాడు. కాపలాకు వెళ్ళినదాన్ని నేను మాత్రం మిగిలిపోయాను.

సార్ పాఠాలు పుస్తకంలో తక్కువ, రోడ్డు మీద ఎక్కువ. ఒకసారి ఆయన భార్య సత్తెమ్మ గారి కంటి పరీక్షకు ముగ్గురం సూర్యాపేట బయల్దేరాం. దారిలో మునగాల దగ్గర ధాబాలో టీ తాగుతుంటే, ధాబా యజమాని వంటమనిషి మీద విరుచుకుపడ్డాడు. "ఓ దున్నపోతా! రొట్టెలన్నీ మాడవెట్టి నా కొంప ముంచుతున్నవ్ గద రా!" సార్ నా వైపు తిరిగి, అదంతా రష్యన్‌లో చెప్పమన్నారు. నేను బుద్ధిగా, రొట్టెలు కాస్త జాగ్రత్తగా కాల్చమంటున్నారని చెప్పాను.

"దున్నపోతు ఏడ వోయింది బిడ్డా?" అన్నారు సార్.

"తిట్టు కదా సార్, బాగుండదని..."

"బాగుండేటట్టు జేసుడు నీ పని గాదు. కోపం ఆయనది. నువ్వు దాన్ని కడిగి ఇస్తే అవతలోనికి ఏం సమజైతది? ఒక్క మాట పెంచొద్దు, ఒక్క మాట మింగొద్దు. ఇంకోటి, 'ఆయన అంటున్నడు' అనొద్దు. 'నేను' అనే చెప్పాలె. మాట్లాడేటోడు ఆయన. నువ్వు గాడ లేనే లేవు."

సత్తెమ్మ గారు విసుక్కున్నారు. "జర ఆ పిల్లను చాయ్ తాగనియ్యి. నీ దున్నపోతును తర్వాత తోలుకొద్దువు గని."

ఈ నియమం ఆయన ఎవరికో చెప్పి ఊరుకున్నది కాదు. తన మీదే ప్రయోగించుకున్నారు. దుబాసీ అయిన కొత్తల్లో ఒక సమావేశంలో రష్యా ఇంజనీరుకు ఒళ్ళు మండి, అందరి ముందూ సార్ వైపు వేలు చూపిస్తూ అరిచాడట. నర్సయ్య సార్ అరవకుండా, తడబడకుండా మన అధికారులకు తెలుగులో చెప్పారు. "ఈ దుబాసీ మొద్దు. నేను చెప్పింది ఇతనికి సగం కూడా అర్థం కాదు. రేపటి నుంచి ఇంకొకరిని పెట్టండి." సమావేశం అయ్యాక మన అధికారి ఒకరు ఈ సంగతిని ఇంజనీరుకు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పారట. తనను తిట్టిన తిట్టును ఇంత నిజాయితీగా చెప్పే మనిషి మిగతా మాటల్లో మోసం చేయడని ఇంజనీరుకు తోచినట్టుంది. ఆ తర్వాత ఆయన సార్ లేకుండా ఏ సమావేశంలోనూ కూర్చోలేదు. సార్ ఈ కథ నవ్వుతూ చెబుతుంటే నాకు నవ్వు రాలేదు.

"మీకు బాధ కాలేదా సార్?" అని అడిగాను.

"ఎందుకు కాలే! ఇంటికొచ్చి అన్నం గూడ తినలే. గని బాధ నాది, మాట ఆయనది. రెండూ కలపొద్దు."

నేను పని మొదలుపెట్టింది మిర్యాలగూడలో. ఒక రైస్ మిల్లు చూడటానికి రష్యా నుంచి బియ్యం కొనేవాళ్ళు వస్తే సార్ తనకు బదులు నన్ను పంపారు. పని బాగా చేశానన్నారు. కానీ ఆ తర్వాత నెలల తరబడి పిలుపు లేదు. మా నాన్న మేళ్లచెరువులో సిమెంటు లారీ నడిపేవాడు. అక్కడే ఒక ఆఫీసులో నాకు కుర్చీ ఉద్యోగం మాట్లాడాడు. రష్యన్ నేర్చుకుని కోదాడలో ఏం పీకుతావని ఇంట్లో రోజూ సతాయింపే. వాళ్ళ మాటలో తప్పేమీ నాకు కనిపించలేదు. నాకంత ప్రతిభ ఉందని నాకే నమ్మకం లేదు. దుబాసీ పని మానేస్తున్నానని వెళ్ళి సార్‌తో చెప్పాను. ఆయన వాదించలేదు. "కడుపు సూసుకోవాలె గద బిడ్డా," అని లోపలికి వెళ్ళిపోయారు. ఆయన తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

సరిగ్గా అప్పుడే పతకం కబురు వచ్చింది. తమ దేశానికి విశేష సేవ చేసినవాళ్ళకు రష్యా ప్రభుత్వం ఇచ్చే పతకం అది. సైనికులకూ ఇస్తారు, మామూలు పౌరులకూ ఇస్తారు, ఎప్పుడో ఒకసారి బయటి దేశాలవాళ్ళకూ ఇస్తారట. సైనికుల పతకానికి రెండు కత్తులు అడ్డంగా ఉంటాయి, పౌరుల పతకానికి ఉండవు. వీధి చివర హోటల్ నడిపే యాదగిరికి ఈ సంగతి తెలిసి చాలా నిరాశపడ్డాడు. "కత్తుల్లేని బిళ్ళ ఏం బిళ్ళ సార్?" అన్నాడు. "నా కత్తి నోట్లనే ఉన్నది తియ్యి," అన్నారు సార్.

మోకాళ్ళ నొప్పులతో ఆయన దూరప్రయాణం చేయలేరని తెలిసి, రష్యా అధికారులే కోదాడకు వస్తామన్నారు. సార్ ఒకే ఒక్క షరతు పెట్టారు. తాను తెలుగులో మాట్లాడతారు, దాన్ని నేను రష్యన్‌లో చెప్పాలి.

"మీకొచ్చినంత రష్యన్ ఈ చుట్టుపక్కల ఎవరికొచ్చు సార్? మీరే మాట్లాడొచ్చు కదా!"

"బతుకంత ఇంకొకల మాట నేను జెప్పిన. ఒక్కదినమన్న నా మాట ఇంకొకలు జెప్పొద్దా?"

కాదనలేకపోయాను. ఇదే ఆఖరి పని, సోమవారం ఆఫీసులో చేరిపోదామనుకుని ఒప్పుకున్నాను.

పతకం ఇచ్చే రోజు కోదాడ ఫంక్షన్ హాలు నిండిపోయింది. మైకు మాటిమాటికీ కీచుమంటోంది. పతకం పెట్టె తెరవగానే సత్తెమ్మ గారు అడ్డొచ్చి దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. ఆ పొడుగాటి రష్యా అధికారి ఏమీ అర్థంకాక, ఆవిడ పని అయ్యేదాకా రెండు చేతులతో పెట్టెను పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత పతకాన్ని సార్ తెల్లచొక్కాకు గుచ్చాడు. చొక్కా కొంచెం కిందికి సాగింది. అధికారి పొగిడిన పొగడ్తలన్నీ నేను తెలుగులో చెప్పాను. సార్ తల వంచుకుని విన్నారు.

ఆ తర్వాత సార్ మైకు అందుకున్నారు. పల్లె గురించి, మొదటి జీతం గురించి, తనకు భాష నేర్పి చనిపోయిన ఇంజనీర్ల గురించి రెండేసి వాక్యాలు చెప్పి ఆగేవారు. నేను "నేను సూర్యాపేట పక్కన పుట్టాను" అంటూ ఆయనే నేనై రష్యన్‌లో చెప్పుకుపోయాను. అంతా సాఫీగా సాగుతోంది. అప్పుడాయన జనం వైపు తిరిగారు.

"నాకన్న మంచి దుబాసీ ఈ పిల్ల. నాకు రాని నెమ్మది ఈ పిల్లకు ఉన్నది. ఇసొంటోళ్ళు ఈ పని ఇడిసిపెడితే, ఈ బిళ్ళ నాకెందుకు?"

హాలంతా నన్నే చూస్తోంది. చెవుల దాకా వేడెక్కింది. తన దగ్గర నేర్చుకున్న విద్యార్థులందరికీ కృతజ్ఞతలని రష్యన్‌లో ఒక ముక్క చెప్పి ఆగాను. సార్ తర్వాతి మాట ఎత్తుకోలేదు. నా వైపు కొద్దిగా వంగి, "మింగినవ్ బిడ్డా," అన్నారు. మైకు దాన్ని కూడా హాలంతటికీ వినిపించింది. జనం గొల్లున నవ్వారు.

"సార్, అది నా గురించి కదా..."

"అయితే ఏంది? మాట నాది."

చెప్పాను. నాకన్నా మంచి దుబాసీ ఈ అమ్మాయి అని, అన్నీ వింటున్న ఆ రష్యా అధికారి కళ్ళలోకి చూస్తూ, నన్ను నేను చూపించుకుంటూ చెప్పాను. ఈమెకున్న నెమ్మది నాకు రాలేదని చెప్పాను. ఇలాంటివాళ్ళు ఈ పని వదిలేస్తే నాకీ పతకం ఎందుకని కూడా చెప్పాను. నా గురించి అంత మంచి మాట అంతకు ముందు నా నోటితో నేనెప్పుడూ అనలేదు, మనసులో కూడా అనుకోలేదు. ఏడుపు వచ్చింది. ఆపలేదు, మాటా ఆపలేదు. సార్ మాత్రం హోంవర్కు దిద్దినవాడిలా తలూపి, "ఆఁ, గిప్పుడు సరిపోయింది," అని వంటవాళ్ళకు ధన్యవాదాలు చెప్పడం మొదలుపెట్టారు.

సోమవారం నేను మేళ్లచెరువు పోలేదు. నాన్న కొన్ని వారాలు నాతో మాట్లాడలేదు, ఆ తర్వాత లారీ స్టాండులో నా గురించి గొప్పలు చెప్పుకుంటూ దొరికిపోయాడు. పని మెల్లగా వచ్చింది, ఇప్పటికీ వస్తూనే ఉంది. సార్ నిండుగా బతికి, నొప్పి లేకుండా వెళ్ళిపోయారు. పతకం సత్తెమ్మ గారి బీరువాలో పట్టుచీరల మధ్య ఉంది. అడిగితే చూపిస్తారు, అడక్కపోయినా చూపిస్తారు.

పోయిన నెల మిర్యాలగూడలో ఒక మిల్లులో నాలుగు రోజులు పని చేశాను. అంతా ముగిశాక పెద్దాయన, ఆ మిల్లు యజమాని, నాకు దండం పెట్టి, "నువ్వు లేకుంటే ఈ పని అయ్యేటిది గాదమ్మా. నీ అంత ఓపిక నేను యాడ సూడలే," అన్నాడు. పక్కనున్న రష్యా అతిథి, ఆయనేమంటున్నారని అడిగాడు. నేను సిగ్గుపడుతూనే, ఒక్క మాట కూడా తగ్గించకుండా చెప్పాను.