పొడుగు పైపు కోసం ఆగిన పూట

విశాఖపట్నంలో దిగేసరికి వాన. డెబ్బైల చివర్లో ఒక తుఫాను వెళ్లిన వారం. సహాయ పనులకు మా ఆర్మీ డిటాచ్‌మెంట్‌ను పంపారు. వ్యాగన్ల మీంచి ట్రక్కులు దించి పోర్టు గోదాముల వెనక నిలిపాం. ఇనుప ఖనిజం ధూళి వానకు తడిసి నేలంతా ఎర్రటి బురద. బూట్లకూ అన్నం డేక్సాలకూ అదే రంగు.

నాది కడప జిల్లా. నేను తోలే బండికే రెండో డ్రైవరు సన్యాసిరావు. పెందుర్తి రైతుల బిడ్డ. మొదటి రోజు నుంచీ నన్ను బావా అనే పిలిచేవాడు. వాళ్ల అప్పను, అంటే అక్కను, భీమిలి అవతల ఒక సముద్రపొడ్డు పల్లెలో ఇచ్చారు. ఒక పూట సెలవడిగి ఆమెను చూసొద్దామని రైల్లో అనుకున్నాం.

మర్నాడు పొద్దున తక్కిన బండ్లన్నీ శ్రీకాకుళం వైపు వెళ్లిపోయాయి. మాది ఆగిపోయింది. దించేటప్పుడు ర్యాంపు అంచు తగిలి, ముందే తుప్పు తినేసిన సైలెన్సర్ ఊడిపడింది. పాత పెట్రోలు బండి. డిపోలో దాని సామాను లేదు. బజార్లో దొరికింది వేయించమని మా పై అధికారి నాయబ్ సుబేదార్ ఆర్డరిచ్చాడు.

ఆ వెంటనే వైర్‌లెస్ ఆపరేటర్ గుడారంలోంచి కేకేశాడు. భీమిలి పోస్టు నుంచి కబురు: ఒడ్డు పల్లెలో జనం చిక్కుకున్నారు, గెడ్డ, అంటే ఊరి వాగు, పొంగుతోంది, బండి పంపండి. పల్లె పేరు విని సన్యాసిరావు నా వంక చూశాడు. వాళ్ల అప్ప ఊరే.

పోర్టు రోడ్డులో లారీ సామాన్ల కొట్టుకు బండి తోలుకెళ్లాం, వెంట నాయబ్ సుబేదారూ వచ్చాడు. బస్సు సైలెన్సర్ చాసిస్ కింద పట్టలేదు. కారుది మరీ చిన్నది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ ఊపిరాడక ఆగిపోతుంది. ఒక లారీది సరిపోయింది. దాని వెనక పైపు మాత్రం పొట్టిది. సరిగ్గా బండి తొట్టి కింద ముగుస్తుంది. తొట్టి చెక్కల మధ్య వేలు దూరేంత సందులు, పొగంతా లోపలికే ఎక్కుతుంది. పొడుగు పైపు కావాలంటే రెండు ముక్కలు కాల్చి వంచి, వెనక ఇరుసు మీదుగా తిప్పి, తొట్టి బయటిదాకా వెల్డింగ్ చేయాలి. మధ్యాహ్నం దాటుతుందన్నాడు వెల్డర్.

పొట్టిదే బిగించి బయలుదేరమన్నాడు నాయబ్ సుబేదార్. సన్యాసిరావు కదల్లేదు. అంతకుముందు కొండల మీద పోస్టింగ్‌లో, చలికి ఇంజన్ ఆపకుండా మూసిన బండిలో పడుకుని పొగకు చనిపోయిన ఇద్దరు జవాన్లను పొద్దున తనే కిందికి దించాడు. ఖాళీ బండి అయితే తోలతాను, జనాన్ని ఎక్కించుకోనని హిందీలో చెప్పేశాడు. అప్ప ఊరని మాత్రం చెప్పలేదు. నేను చెప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

“వానకి టార్పాలిన్ కట్టేత్తాం కదా బావా. లోపలున్నోలు నిద్దరోతన్నారో సచ్చిపోతన్నారో మనకెలగ తెలుస్తాది?” అన్నాడు నాతో.

నాయబ్ సుబేదార్ కాసేపు బండి కింద చూసి, పొడుగుదే వేయించండని వెళ్లిపోయాడు. వెల్డర్ తల ఎత్తకుండా పనిచేశాడు. పైపు వేడి తగ్గకముందే సన్యాసిరావు తడి గోనెసంచి చుట్టి క్లాంపులు బిగించాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆపరేటర్ రెండుసార్లు మనిషిని పంపాడు. “బండి ఎప్పుడని అడుగుతున్నారు” అన్నదొక్కటే కబురు.

మధురవాడ దాటాక రోడ్డు మీద నీళ్లు. సాయంత్రానికి గెడ్డ చేరాం. జనం ఇవతలి గట్టు మీదే ఉన్నారు, తడిసి, ఒకరినొకరు ఆనుకుని. బండి రాదనుకుని తాడు పట్టుకుని దాటేశారట. సన్యాసిరావు అప్ప పిల్లల్ని దాటించి, అత్త కోసం మళ్లీ వెనక్కి వెళ్లింది. అవతలి గట్టు విరిగింది. ఇద్దరూ పోయారు.

అతను నీళ్ల దాకా వెళ్లి నిలబడ్డాడు. తిరిగొచ్చాక, “మద్దేనం దాకా మనకోసం సూసారంట” అన్నాడు. జనాన్ని ఎక్కించి, టార్పాలిన్ తాళ్లు కట్టి, స్టీరింగ్ దగ్గర తనే కూర్చున్నాడు. తాళం ఇమ్మన్నాను. ఇవ్వలేదు.

రెండో రోజు సరుగుడు తోటల దగ్గర అప్ప శవం దొరికింది. కర్మ అయ్యాక బండి కడుగుతూ ఒకే ఒక్కసారి అడిగాడు. “పొట్టి పైపుతో ఎల్లిపోతే అందుదుమా, బావా?”

అందేవాళ్లమే. ఆ పొగలో ఆ జనాన్ని తెచ్చేవాళ్లం కూడా. ఎంతమంది కళ్లు తెరిచేవారో నాకు తెలియదు. నేను బకెట్ అందుకుని అవతలి చక్రం కడిగాను. నెల తిరక్కుండా యూనిట్ వెనక్కి వెళ్లింది. అతన్ని వేరే కంపెనీకి మార్చారు. కొన్నేళ్లకు నేను పెన్షన్ మీద ఇంటికొచ్చాను. మళ్లీ కలవలేదు.

కళ్ల ముందు నుంచి పోనిది ఆ సాయంత్రం, గెడ్డ దగ్గరి జనాన్ని చేర్చిన బడి ముందు చూసింది. బండి ఆపి టార్పాలిన్ విప్పాం. పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు. సన్యాసిరావు ఒక్కొక్కరినీ ఎత్తుకుని, దించే ముందు తల వాసన చూస్తున్నాడు, జుట్టులో పొగ ఉందేమోనని. చివరగా అప్ప కూతుర్ని ఎత్తుకున్నాడు. ఆ పిల్ల తల దగ్గర ముక్కు ఆనించి అలాగే ఉండిపోయాడు. దించలేదు.