విశ్వకర్మ బొట్టు పెట్టిన పిస్టల్

మా అమ్మాయి షూటింగ్ పోటీకని జంషెడ్‌పూర్ వెళ్లాం. పక్కనే ఒకావిడ చౌకరకం ఎయిర్ పిస్టల్ తుడుచుకుంటోంది. పేరు పార్వతి. టాటానగర్‌లో రైలు పట్టాల పని చేస్తుంది. తాతలది శ్రీకాకుళం వైపట. పిస్టల్ పిడి మీద కుంకుమ బొట్టు చూసి, దసరాకి పెట్టారా అని అడిగాను.

"కాదమ్మా, విశ్వకర్మ పూజకి. ఇక్కడ పనిముట్లకి ఆ రోజే బొట్టెడతాం. ఇదీ నా పనిముట్టే కదేటి."

పోటీకి ముందు సరిచూసుకుంటుంటే పిస్టల్‌లో గాలి నిలవలేదు. నిర్వాహకుడు తన విదేశీ పిస్టల్ ఇస్తానన్నాడు. ఆవిడ హిందీలో వద్దని చెప్పి, నావైపు తిరిగింది.

"నా సెయ్యి దీనికే అలవాటు పడ్డాది. వాషరు మార్సేత్తే సాలు."

అక్కడే విప్పి, మార్చి, బిగించింది. మొదటి రెండు గుళ్లూ గురి తప్పినా తల తిప్పలేదు. చివరికి తర్వాతి రౌండుకి ఎంపికైనవాళ్లలో ఆఖరి పేరు ఆవిడదే. ఖరీదైన పిస్టల్‌తో కాల్చిన మా అమ్మాయి పేరు లేదు.

అది కళ్లు తుడుచుకుని ఆవిడ దగ్గరికి వెళ్లి, "ఆంటీ, మీ పిస్టల్ ఒకసారి పట్టుకోనా?" అని అడిగింది.

పార్వతి పిస్టల్ ఖాళీగా ఉందని చూసుకుని అందించింది. "బరువుంటాది తల్లీ. మణికట్టు ఒంగనీకు."