ఉతకకూడని తువ్వాల

మస్కట్‌లోని ఆ ఇరుకు సందులో మల్లేష్ చేతికి లొంగని మరక లేదని పేరు. పెళ్లి షేర్వానీ మీద ఒలికిన కుంకుమపువ్వు పాలైనా సరే, మెకానిక్ చొక్కాకు పట్టిన గ్రీజైనా సరే, బట్టను ఒకసారి వెలుతురుకు పట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, అది దేనితో వదులుతుందో చెప్పేసేవాడు. సుల్తానాబాద్ పక్క పల్లెలో నాట్లు వేస్తూ, కోతలు కోస్తూ పెరిగిన మనిషి లాండ్రీ షాపులో ఇంత పేరు తెచ్చుకుంటాడని తల్లి లస్మవ్వ ఎన్నడూ అనుకోలేదు. "ఇంటికాడ నీ బనీను నువ్వు పిండుకున్న పాపాన పోలే. అక్కడ ఊరందరి బట్టలు ఉతుకుతున్నవా?" అని ఫోన్లో ఎత్తిపొడిచేది.

అంతటి పనిమంతుడికి ఒకటే లోటు. మూడేళ్ల కూతురుంది. ఆ పిల్లను ఇంతవరకు చేత్తో ముట్టుకోలేదు.

మల్లేష్‌కు, ప్రవళికకు పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లలు కలగలేదు. ప్రవళిక అక్క జమునకు ఇద్దరు మగపిల్లల తర్వాత కరీంనగర్ ఆసుపత్రిలో కవల ఆడపిల్లలు పుట్టారు. బాలింత దగ్గర తోడుండటానికి వెళ్లిన ప్రవళిక ఒక పిల్లను ఎత్తుకున్నది ఎత్తుకున్నట్టే ఉంది. ఇంటికి పంపించే రోజున కూడా దించలేదు. జమున చూసి చూసి, "ఇగ దించకే. నీకే పుట్టిందనుకో," అంది. తర్వాత గోడవైపు తిరిగి ఏడ్చింది. కానీ మాట మార్చలేదు. ఆ పిల్లే ఆమని.

మస్కట్ నుంచి మల్లేష్ సంతకాలు పంపితే కాగితాల పని అయిపోయింది. ఊరి పద్ధతి వేరు. పెంచుకునే తండ్రి ఒడిలో నలుగురి ముందు కూర్చోబెడితేనే పిల్ల అతనిదవుతుంది. ఒడేమో మస్కట్‌లో ఉంది. సెలవు దొరకలేదు. పెద్దమనుషులు అతను వచ్చేదాకా ఆగుదామన్నారు. లస్మవ్వ వినలేదు.

లస్మవ్వకు ఒక పట్టింపు ఉంది. మనిషి ప్రయాణమై పోయాక, అతను విడిచిన బట్టను ఉతకనివ్వదు. మనిషి తిరిగి వచ్చాకే దానికి నీళ్లు. అందుకే మల్లేష్ బయల్దేరే ముందు మెడ తుడుచుకుని పడేసిన సిరిసిల్ల తువ్వాల దండెం మీద అట్లాగే ఉండిపోయింది. ఆమె దాన్ని తెచ్చి పీట మీద పరిచింది. పసిదాన్ని దానిమీద పడుకోబెట్టి, "ఇగో బిడ్డా, గిదే మీ బాపు ఒడి," అంది. లస్మవ్వ ముందు మారుమాట ఆడే మగాడు ఆ వాడకట్టులో లేడు కాబట్టి దత్తత అయిపోయింది.

పిల్ల ఆ తువ్వాలతోనే పెరిగింది. మాటలు వచ్చాక దానికి పేరు పెట్టింది, బాపు అని. అన్నం తినేటప్పుడు బాపు పక్కన ఉండాలి, పడుకునేటప్పుడు బాపు చెంప కింద ఉండాలి. ఫోన్లో కనిపించి చేతులూపే మనిషి మాత్రం, బాపమ్మ లస్మవ్వ పిలిచినట్టే, మల్లేషు. ఈ సంగతి తోటివాళ్లకు చెప్పి మల్లేష్ పడీపడీ నవ్వేవాడు. నవ్వడం అయ్యాక ఇస్త్రీపెట్టెను ఉత్తపుణ్యానికి గట్టిగా నొక్కేవాడు.

సెలవు దొరికినప్పుడు టికెట్‌కు డబ్బులు లేకపోవడం, టికెట్ కుదిరినప్పుడు సెలవు లేకపోవడం, గల్ఫ్‌లో సగంమంది బతుకు అంతే. చివరికి షాపు యజమాని, అందరూ అర్బాబ్ అని పిలిచే ఒమానీ ముసలాయన, "నువ్వు పోలేకపోతే వాళ్లనే రప్పించు," అని షాపు పైనున్న గది ఖాళీ చేయించి ఇచ్చాడు. నెల రోజుల వీసా వచ్చింది. ఈ నెలలో పిల్ల తనంతట తానొచ్చి ఒడిలో కూర్చుంటే చాలు, అన్నాడు మల్లేష్. అంతకంటే ఏమీ అడగలేదు.

విమానాశ్రయంలో ప్రవళిక చెయ్యి పట్టుకుని పిల్ల వచ్చింది. భుజం మీద తువ్వాల నేల ఊడుస్తోంది. తెలుపో, బూడిదో చెప్పలేని రంగు. మల్లేష్ మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాపాడు.

"ఎవరే గీయన?" అని అడిగింది ప్రవళిక.

"మల్లేషు."

"ఎత్తుకుంటడట. పో."

పిల్ల తువ్వాలను ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "నాకు బాపు ఉన్నడు," అంది మర్యాదగా.

ఆ తర్వాత మల్లేష్ వేయని వేషం లేదు. చాక్లెట్లు తెచ్చాడు. పిల్ల సగం తిని సగం తువ్వాలకు పూసింది. సముద్రం చూపించాడు. వాళ్లమ్మ భుజం మీది నుంచే చూసింది. మోకాళ్ల మీద పాకుతూ గుర్రం ఆడితే నవ్వింది, కానీ గుర్రం ఎక్కలేదు. కింద షాపులో అతని పక్కనే ఇస్త్రీ చేసే కొమురెల్లిది ఇచ్చోడ. మహారాష్ట్ర సరిహద్దు గాలి తగిలిన నాలుక, అన్నా అనాల్సిన చోట భావూ అంటాడు. "భావూ, తువ్వాలతోని పోటీ పడ్డోన్ని నిన్నే సూసిన. అది గెలుస్తది, రాసుకో," అనేవాడు.

ఒక శుక్రవారం ప్రవళిక పిల్లకు స్నానం చేయిస్తోంది. తువ్వాల మంచం మీద ఒంటరిగా ఉంది. మల్లేష్ దాన్ని అలవాటుగా చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టాడు. పసుపు. కొబ్బరినూనె. పెరుగన్నం. ఈ మూల రేగుపండు, ఆ మూల చీమిడి. అంచు దగ్గర తను తెచ్చిన చాక్లెట్. పని తెలిసినవాడి చెయ్యి ఊరుకోదు. మాటలతో కానిది పనితో చేసి చూపిద్దామనిపించింది. తన తండ్రి చేతిలో ఏముందో పిల్ల చూస్తుంది. పైగా అవ్వ పట్టింపు ప్రకారం చూసినా, మనిషీ తువ్వాలా కలిశాక ఇంక నీళ్లు తగలొచ్చు కదా.

కింద షాపులోకి తీసుకెళ్లి నానబెట్టాడు, రుద్దాడు, జాడించాడు, గంజి పెట్టాడు, ఆవిరి ఇస్త్రీ చేశాడు. మల్లెపూల వాసన వచ్చే నీళ్లు చల్లి, ఖరీదైన గిరాకీ బట్టలకు వేసినట్టు ప్లాస్టిక్ కవరు కూడా తొడిగాడు. తెల్లగా ఫెళఫెళలాడే తువ్వాలను రెండు చేతుల్లో పెట్టుకుని మెట్లెక్కాడు.

పిల్ల కవరు చించింది. వాసన చూసింది. ఇటు తిప్పి మళ్లీ చూసింది. "బాపు ఏడి?"

"గిదే కద బిడ్డా."

"కాదు. బాపు ఏడి?"

ఏడుపు మొదలైంది. కింద సందులో పోయేవాళ్లు తలెత్తి చూసేంత ఏడుపు. ప్రవళిక పిల్లను భుజాన వేసుకుని గదంతా తిరుగుతూ, "నిన్నెవలు ఉతకమన్నరు? దేశంల ఇంకేం బట్టలు దొరకలేదా నీకు?" అంది. లస్మవ్వకు ఫోన్ చేస్తే పిల్ల ఆమె మాట కూడా వినలేదు.

"నువ్వే అంటివి కదనే, మనిషి వచ్చినంక ఉతుకచ్చని," అన్నాడు మల్లేష్.

"నువ్వెక్కడ వచ్చినవ్‌రా? అది నీ దగ్గరికి వచ్చింది. నువ్వింకా పయనం మీదనే ఉన్నవ్," అంది లస్మవ్వ.

 మల్లేష్ ఫోన్ ప్రవళికకు ఇచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

పిల్ల ఏడ్చి ఏడ్చి వెక్కిళ్లలోకి దిగాక లోపలికొచ్చి, కాస్త దూరంలో నేలమీద చతికిలబడ్డాడు. "నాదే తప్పు. మళ్ల జేద్దామా? ఎట్ల జెయ్యాల్నో నాకు తెల్వది. నువ్వు చెప్పు."

పిల్ల అనుమానంగా చూసింది. "నూనె," అంది చివరికి.

మల్లేష్ పిల్ల తలకు కొబ్బరినూనె రాసి, చేతులు తువ్వాలకు తుడిచాడు. పిల్ల వాసన చూసి, "ఇంకా," అంది. పెరుగన్నం కలిపి ఎదురుగా పెడితే తనే తిని మూతి తుడుచుకుంది. ఇంకా. వంటింట్లోంచి ప్రవళిక మూతి ముడుచుకునే పసుపు డబ్బా తెచ్చి పెట్టింది. కింది నుంచి కొమురెల్లి టీ పట్టుకొచ్చి, సంగతి తెలుసుకుని, తన గ్లాసులోంచి రెండు చుక్కలు ఒంపాడు. "భావూ, ఇన్నేండ్ల సంది మరకలు తీస్తవనుకున్న. పెట్టుడు గూడ వస్తదా నీకు?"

అయినా పిల్ల తల అడ్డంగా ఊపింది. "మెడ," అంది.

"మెడ ఏందే?"

"బాపు మెడ తుడుసుకొని పోయిండు. బాపమ్మ చెప్పింది."

మల్లేష్ కిందికి దిగాడు. సెలవు రోజైనా ఆవిరి ఇస్త్రీ యంత్రం వేసి, కాటన్ దుప్పట్లన్నీ ఒకటి తర్వాత ఒకటి ఆవిరి మీద లాగాడు. మస్కట్ ఎండలో ఆ యంత్రం దగ్గర నిలబడితే చెమటకు కరువేముంది. చొక్కా వీపుకు అతుక్కున్నాక మెట్లెక్కి వచ్చి, నేలమీద కూర్చుని, పిల్ల చూస్తుండగా మెడ చుట్టూ తుడుచుకున్నాడు. తువ్వాలను తన ఒడిలోనే పరిచాడు.

పిల్ల వంగి వాసన చూసింది. సరిగా అందలేదు. ఇంకాస్త దగ్గరికి జరిగింది. మధ్యలో చూడాలని ఒక కాలు వేసింది, రెండో కాలు కూడా వేసింది, తువ్వాల మధ్యలో కూర్చుని ఒక్కో మూలా పరీక్షించడం మొదలుపెట్టింది. ఎక్కడ కూర్చుందో పిల్లకు పట్టలేదు. మల్లేష్‌కు మాత్రం కాళ్లు తిమ్మిరెక్కినా కదిలే ధైర్యం లేకపోయింది. ప్రవళిక ఫోన్ పట్టుకుని లస్మవ్వకు చూపించబోతే, వద్దని కళ్లతోనే వారించాడు.

ఆ రోజు నుంచి రోజూ అదే పని. మల్లేష్ షాపు మూసి వచ్చేసరికి పిల్ల తువ్వాల పట్టుకుని గుమ్మంలో ఉండేది. ఒకరోజు చేపల పులుసు, ఒకరోజు పుచ్చపండు, సముద్రం ఒడ్డున ఇసుక, రోజూ మెడ. మల్లెపూల వాసన ఎప్పుడో చచ్చిపోయింది. కానీ పిల్ల అతన్ని ఇంకా మల్లేషు అనే పిలిచేది. తువ్వాలనే బాపు అనేది. అతనూ సర్దుకున్నాడు.

ప్రయాణం రోజు పొద్దున ప్రవళిక పెట్టె సర్దుతూ తువ్వాలను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది. "ఛీ, దీంతోని విమానం ఎక్కనిస్తరా? జర సబ్బు పెట్టి పిండుత."

పిల్ల తువ్వాల కొస పట్టి లాక్కుని, ఉన్నపళంగా మెట్లు దిగి షాపులోకి పరుగెత్తింది. గిరాకీ చొక్కా మడత పెడుతున్న మల్లేష్ కాలు చుట్టుకుని, "బాపూ, అమ్మ ఉతుకుతదట. వద్దను," అంది.

కొమురెల్లి ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. వెనకే దిగిన ప్రవళిక ఆఖరి మెట్టు మీద ఆగింది.

మల్లేష్ పిల్లను ఎత్తుకున్నాడు. తువ్వాలతో సహా. "ఉతుకద్దు ప్రవళికా. పయనం పోయేటోళ్ల బట్టలకు నీళ్లు తాకద్దు. అవ్వ తిడ్తది," అన్నాడు.

వాళ్లు విమానం ఎక్కిన మర్నాడు కొమురెల్లి ఉతికే బట్టల కుప్పలోంచి పసుపు మరకల చిన్న గౌను ఒకటి బయటికి తీశాడు. "భావూ, గిది ఎవల్దో. చీటీ లేదు. మిషన్ల ఏస్తున్న."

"ముట్టకు దాన్ని," అన్నాడు మల్లేష్. గౌను అందుకుని పైకి తీసుకెళ్లి, గదిలో కట్టిన తాడు మీద ఉతక్కుండానే వేశాడు.