రేకుల గదికి సిగ్నల్

పుణెలో ఉండే ఆరో తరగతి పిల్లకు భిన్నాల కూడిక చెబుతుండగా మమత బొమ్మ తెర మీద ఆగిపోయింది. నోరు తెరిచి, ఒక కన్ను సగం మూసి, చెయ్యి గాల్లో ఎత్తి. అవతల పిల్ల పకపకా నవ్వడం వినిపించింది. తర్వాత అదీ తెగిపోయింది. మళ్లీ కలిసేసరికి పిల్ల స్థానంలో వాళ్లమ్మ ఉంది.

"మీ నెట్ ఎప్పుడూ ఇంతే కదా మేడమ్. మేం వేరే టీచర్‌ని పెట్టుకుంటాం" అని మర్యాదగానే చెప్పి పెట్టేసింది.

మమత ల్యాప్‌టాప్ మూత ఠప్పున మూసింది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ముందు గదిలో మరిది వేణుమాధవ్ మంచం మీద బోర్లా పడుకుని ఫోన్‌లో ఆట ఆడుతూ "కొట్టు, కొట్టురా!" అని అరుస్తున్నాడు. వైఫై డబ్బా అతని తలకు మూరెడు దూరంలో, టీవీ పక్క గూట్లో ఉంది.

మమతది కమాన్‌పూర్ దగ్గర ఒక పల్లె. తండ్రి సేద్యం చేసుకుంటూనే ఆమెను రోజూ మంథని బస్సెక్కించి డిగ్రీ చదివించాడు. పెళ్లయి గోదావరిఖని వచ్చాక ఒక ప్రైవేటు బడిలో చేరింది. ఆ వాడ పిల్లలందరికీ ఆమె లెక్కల మేడమ్. బడి మూతపడ్డాక ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో పాఠాలు మొదలుపెట్టింది. కొన్నాళ్లు ముందు గదిలోనే కూర్చుంది. అది అత్త సారవ్వకు నచ్చలేదు.

"మొగపిలగాండ్లు వచ్చిపోయే జాగ బిడ్డా. నువ్వాడ కూసోని చెప్తాంటె ఎట్ల? ఎనుక రేకుల అర్ర ఉండె గద" అంది.

అది బొగ్గు గనుల కంపెనీ ఇచ్చిన పాత క్వార్టరు. గోడలు అంత మందం. వెనకాల తాము కట్టుకున్న రేకుల గదికి చేరేసరికి సిగ్నల్ ప్రాణం పోయేది. ఆ సిగ్నల్‌ను అందుకుని ఇంకా దూరానికి పంపే ఎక్స్‌టెండర్ ఒకటి ఉంటుందని తెలిసి మమత తెప్పించింది. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ లారీ నడిపే భర్త రఘుపతి డబ్బా చూసి, "ఐతారం నాడు వెడ్త తియ్" అన్నాడు. ఒక ఆదివారం డ్యూటీ పడింది. ఒక ఆదివారం మందమర్రిలో చుట్టాల దినాలు. ఇంకో ఆదివారం పొద్దంతా నిద్ర. డబ్బా ఫ్రిజ్ మీద అలాగే ఉండిపోయింది.

తనే పెట్టుకుందామని ఒకసారి వేణుమాధవ్‌ను పాస్‌వర్డ్ అడిగింది.

"అది నీకు సమజ్ గాదు వదినె. ఖరాబైతె ఇంట్ల నెట్ మొత్తం పోతది. అన్నను రానియ్యి" అన్నాడు అతను, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

పోటీ పరీక్షలకు శాతాలు, వడ్డీ లెక్కలు ఆ పిల్లగాడికి నేర్పింది తనే. అయినా ఆరోజు నోరు మూసుకుంది. ఈరోజు ఆ మాట గుర్తొచ్చేసరికి చెవులు వేడెక్కాయి. ఫ్రిజ్ మీది డబ్బా దించి, అట్ట చించి పారేసింది.

మొదట రేకుల గదిలోనే ప్లగ్గులో పెట్టింది. ఎర్ర లైటు. తీసి పెట్టినా ఎర్ర లైటే. డబ్బాలోని కాగితం విప్పి చదివితే తెలిసింది: సిగ్నల్ చచ్చిన చోట పెడితే అది మాత్రం ఏం అందుకుంటుంది? బాగా వచ్చే చోటికీ రాని చోటికీ నడుమ పెట్టాలట. నడుమ అంటే మధ్య గది. అక్కడున్న ఒక్క ప్లగ్గూ ఇనుప బీరువా వెనకాల ఉంది.

మమత కొంగు దోపుకుని బీరువాకు భుజం ఆనించింది. గచ్చు మీద అది కీచుమంది. గోంగూర తుంచుతున్న సారవ్వ ఉరికొచ్చింది.

"ఏందే! నైరుతి మూల బీరువను కదుపుతవా? ఇంట్ల లచ్చిమి నిలువద్దా?"

"జానెడంత జరుపుతున్న అత్తమ్మా. ఆ మూలకే ఉంటది, యాడికి వోదు."

"రఘుపతి రానియ్యి."

"నీ కొడుకు ఎన్ని ఐతారాల నుంచి వస్తుండో చూస్తలేవా?"

ఇంకోసారి నెట్టింది. మోచెయ్యి గీసుకుపోయింది. సందులోకి చెయ్యి పోనిచ్చి ఎక్స్‌టెండర్ గుచ్చింది. అప్పటికి వేణుమాధవ్ గుమ్మంలోకి వచ్చాడు.

"పాస్‌వర్డ్ లేకుంట అది నడువది వదినె."

ఆమె అతన్ని దాటుకుని ముందు గదిలోకి వెళ్లింది. వైఫై డబ్బా వెనక్కి తిప్పి, కాగితంలో చూపిన బటన్ నొక్కింది. రెండిటికీ ఉన్న బటన్లు వెంటవెంటనే నొక్కితే పాస్‌వర్డ్ అక్కర్లేదని ఆ కాగితంలోనే ఉంది.

"అగో, దాన్ని ముట్టకు!"

"ముడ్త! నీ ఒక్కనిదా ఇది? నీ ఆటకు నెట్ గావాలె, నా పనికి వద్దా? వడ్డీ లెక్కలు చెప్పేటప్పుడు నాకు సమజైతయి గని, ఈ డబ్బ సమజ్ గాదా? ఎవలనుకుంటున్నవ్‌రా నన్ను?"

పక్క క్వార్టరు పూలమ్మ ప్రహరీ మీదుగా తొంగి చూసింది. చూడనీ అనుకుంది మమత. మధ్య గదికి పోయి ఎక్స్‌టెండర్ బటన్ నొక్కింది. పసుపు లైటు మినుకుమినుకుమని, కాసేపటికి ఆకుపచ్చగా నిలిచింది.

సంతోషం రావాలి. రాలేదు. ఇంతేనా? ఈ మాత్రం దానికా ఇన్నాళ్లు ఇంటిల్లిపాదినీ బతిమాలింది? కోపం ఇంకో మెట్టు ఎక్కింది.

ఫస్ట్ షిఫ్టు దిగి రఘుపతి వచ్చేసరికి ఇల్లంతా మూతులు ముడుచుకుని ఉంది. సారవ్వ బీరువా సంగతి చెప్పింది.

"నేను వెడ్తనన్న గద మమతా. గింత దానికి లొల్లి ఎందుకు?" అన్నాడతను.

"గింత దానికే! రెండు బటన్లు ఒత్తితె అయిపాయె. గింత దానికి పుణె పిల్ల చెయ్యి జారిపాయె. నా మొఖం ఆగిపోతె ఆ పిల్ల నవ్వింది, ఎరుకేనా నీకు?"

"నెట్ అంత ఘోరంగ ఉందని నాకెట్ల ఎరుక?"

"ఎన్నడన్న ఆ అర్రల కూసున్నవా ఎరుకయ్యేటందుకు?"

రఘుపతి దుమ్ము బట్టలతోనే వెళ్లి రేకుల గదిలో ఆమె కుర్చీలో కూర్చున్నాడు. ఎండకు రేకులు టకటకమంటున్నాయి. కాసేపటికి చొక్కా తడిసి బయటికొచ్చాడు.

"ముంగటి అర్రలనే చెప్పుకో ఇగ. మా అవ్వకు నేను చెప్త."

"వద్దు. మల్ల ఎవలో వచ్చి లే అంటరు. నాకు ఆ అర్రే గావాలె. కూలర్ వెట్టియ్యి. ఐతారం అనకు."

అతను సాయంత్రమే బజార్లో సంపత్ రిపేరు కొట్టుకు పోయి పాత కూలరొకటి ఆటోలో వేసుకొచ్చాడు. సారవ్వ బీరువాను మళ్లీ గోడకు నెట్టించాలని చూసింది గానీ, కొడుకు వినలేదు.

పుణె ఆమెకు మమత మెసేజ్ పెట్టింది. జవాబు రాలేదు, ఆ పిల్ల తిరిగి రానూ లేదు. వారం తిరక్కుండా కరీంనగర్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు చేరారు. మొదటి పాఠం మధ్యలో ఓపెన్‌కాస్టు పేలుడుకు రేకులు దడదడమన్నాయి. తెర మీద బొమ్మ మాత్రం ఎక్కడా ఆగలేదు. చిన్నవాడు భయపడి, "టీచర్, అదేంది?" అని అడిగాడు.

"బొగ్గు కోసం బండను పేలుస్తున్నరు నాయినా. నువ్వు లెక్క చెయ్" అంది మమత.